ఘటోత్కచుడికి ఫ్లాష్ పనికిరాదు!

నాంపల్లిలో లోకల్ రైలెక్కి కూర్చుంటే లకడీకాపూల్, ఖైరతాబాద్, బేగంపేట, బోరబండ, హైటెక్ సిటీ, హఫీజ్‌పేట... ఒక్కొక్కటే దాటుకుంటూ ఆఖర్న లింగంపల్లి వస్తుంది. హైటెక్ సిటీలో మెడలో కార్డులు వేలాడేసుకుని ఎక్కిన కుర్రాళ్లంతా చందానగర్ దాకా శుక్రవారం రిలీజైన సినిమా గురించే వాదించుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరికైనా తెలుసో లేదో మరి, వాళ్లు దిగే స్టేషనుకి దగ్గర్లోనే, సినిమా పుట్టకముందు నుంచీ జనానికి సినిమా చూపిస్తున్నవాళ్ల కాలనీ వుంది. సురభి వారిది!

2018 డిసెంబరులో మొదటిసారి ఆ రైలెక్కాను నేను. ఒక పత్రికకి సురభి నాటకం మీద వ్యాసం రాసిస్తానని ఒప్పుకున్నాను. ఫోటోలు కూడా నువ్వే తీసుకురావాలన్నారు. "ఓ, దానికేముంది!" అన్నాను. ఆ "దానికేముంది" అన్న మాటే నా కొంప ముంచింది లెండి.

మా బావగారి దగ్గర ఒక డీఎస్ఎల్ఆర్ వుండేది. అమ్మాయి పుట్టినరోజుకి కొన్నాడు. దాంతోపాటు పెట్టెలో వచ్చిన లెన్సే దానికి వుంది. మెడలో వేసుకుంటే నాకు నేనే పెద్ద ఫోటోగ్రాఫర్ని అనిపించాను. పైనున్న చక్రాన్ని 'ఆటో' మీద పెట్టి, మూడో వరసలో కూర్చున్నాను. ఆట 'మాయాబజార్'.

సురభి వాళ్ల మాయాబజార్ చూడనివాళ్లకి ఎలా చెప్పాలి? తెర వెనక తెర, దాని వెనక ఇంకో తెర. అడవి కాస్తా కన్నుమూసి తెరిచేలోగా ద్వారక అయిపోతుంది. బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో గుద్దుకుని నిప్పులు రాలుతాయి. కంప్యూటరూ లేదు, గ్రాఫిక్సూ లేదు. అంతా చేతులతోనే! ఆ రాత్రి ఘటోత్కచుడు పెళ్లివారి విందు ముందు కూర్చున్నాడు. లడ్డూలు వాటంతటవే లేచి ఆయన నోట్లోకి ఎగురుతున్నాయి. పిల్లలు కేరింతలు. నేను కెమెరా ఎత్తి నొక్కాను.

చీకటిగా వుందనుకుంది కాబోలు కెమెరా. నెత్తి మీద బుడుపులాంటి ఫ్లాష్ తనంతట తనే లేచి నిలబడి, ఫెళ్లుమని మెరిసింది. నేను అడగలేదు, అది నన్ను అడగలేదు. ఆ మెరుపులో లడ్డూకి కట్టిన నల్లదారమూ, వెనక తెర మీద ఆ దారం నీడా, రెండూ హాలంతటికీ కనపడ్డాయి. ముందు వరసలో ఆరేళ్ల పిల్లాడొకడు లేచి నిలబడి అరిచాడు - "అమ్మా, దారం!"

హాలు నవ్వింది. ఘటోత్కచుడు కూడా ఒక్క క్షణం ఆగాడు. మళ్లీ నవ్వి, తినడం మొదలుపెట్టాడు. నటుడు గనక నెట్టుకొచ్చాడు. నేను మాత్రం కుర్చీలో కూరుకుపోయాను.

ఆటయ్యాక వెనక్కి వెళ్లి క్షమాపణ చెప్పుకోబోయాను. అక్కడ బక్కపల్చటి పెద్దాయనొకాయన దారాలు చుట్టుకుంటున్నారు. ఆయన స్టేజీ మీదికి రారట. కుర్రతనం నుంచీ పక్కన చీకట్లో నిలబడి దారాలు లాగడమే ఆయన పని. కోప్పడలేదు. కోప్పడినా బావుండేది.

"ఇంతమందిమి కష్టపడి దాచిన దారాన్ని ఒక్క మెరుపుతో బయట పెట్టేశావు గదా బాబూ" అన్నారు.

ఏం చెప్పను? ఫోటో ఆయన ముందే చెరిపేశాను. వ్యాసం అచ్చయింది, ఫోటోలు లేకుండా.

ఎవరనుకున్నారు వీళ్లని?

పాఠకుల్లో కుర్రకారు ఎక్కువ గనక రెండు ముక్కలు చెప్పుకోవాలి. కడప జిల్లాలో సురభి అనే వూరుంది. 1885లో వనారస గోవిందరావు గారు అక్కడ 'కీచక వధ' ఆడించారు. అదే మొదలు. వూరి పేరే సమాజం పేరైపోయింది, ఇంటిపేరు కూడా అయిపోయింది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో తమ ఇంటి ఆడవాళ్లని స్టేజీ ఎక్కించిన కుటుంబం అది. మన మొట్టమొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది చూశారూ, అందులో లీలావతి సురభి కమలాబాయి! అంటే తెలుగు తెరకి మొదటి కథానాయిక వెళ్లింది కూడా ఈ దారాల మధ్య నుంచే అన్నమాట. ఈ కాలంలో ఆ పేరు నిలబెట్టిన సురభి నాగేశ్వరరావు గారికి - బాబ్జీ అంటేనే అందరికీ తెలుసు - 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

అలాంటి వాళ్ల స్టేజీ ముందు నేను చేసిన నిర్వాకం అది. మళ్లీ వెళ్లాలి, కానీ ఈసారి ఆ మెరుపు లేకుండా వెళ్లాలి అనుకున్నాను. అనుకోవడమైతే అనుకున్నాను గానీ 50 వేలు కూడబెట్టడానికి నాకు అయిదేళ్లు పట్టింది. పత్రికలకి విడి వ్యాసాలు రాసుకునేవాడి జేబు సంగతి మీకు తెలియనిదేముంది!

ఆ అయిదేళ్లలో ఒక్క సంగతి మాత్రం బాగా అర్థమైంది. నాటకానికి కావలసిన కెమెరా పెళ్లికి కావలసిన కెమెరా కాదు. పెళ్లిలో ఫోటోగ్రాఫరే వెలుగు తెచ్చుకుంటాడు. ఆయన చెప్పినట్టు పెళ్లికొడుకు ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు. నాటకంలో వెలుగు వాళ్లది, కదలిక వాళ్లది, చీకటి కూడా వాళ్లదే. వాళ్లిచ్చినంత వెలుగుతో సరిపెట్టుకోగలిగిన కెమెరా కావాలి.

సినిమావాళ్లకిది పాత పాఠమే. స్టాన్లీ కూబ్రిక్ 1975లో విడుదలైన 'బ్యారీ లిండన్' తీసినప్పుడు కొన్ని సీన్లు కొవ్వొత్తుల వెలుగులోనే తియ్యాలని పట్టుబట్టాడు. అందుకోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం జైస్ కంపెనీ తయారుచేసిన లెన్సు సంపాదించి కెమెరాకి బిగించాడు. దాని అపర్చర్ ఎఫ్ 0.7. ఆ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్ను అంత పెద్దదన్నమాట. మనకి అంత అదృష్టం అక్కర్లేదు గానీ, సూత్రం అదే. మా బావగారి కెమెరాతో వచ్చిన లెన్సుని జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 లెన్సు దాదాపు పదింతల వెలుగు లోపలికి రానిస్తుంది. పదింతలు! ఆ లెక్క తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. తప్పు కెమెరాది కాదు, దాని కళ్లజోడుది.

గుజరాతీ గల్లీలో నా బేరం

2023 నవంబరులో ఒక మధ్యాహ్నం కోఠీ వెళ్లాను. కోఠీ గుజరాతీ గల్లీలో కాలు పెడితే వైర్లూ, స్పీకర్లూ, సీసీ కెమెరాలూ... మనిషికీ మనిషికీ మధ్య ఒక అట్టపెట్టె. ఆ తోపులాటలో ఒక చిన్న షాపు. అద్దాల వెనక కెమెరాలు, కొత్తవీ పాతవీ కలిపి.

"ఏం ఫోటోలు తీస్తవన్నా?" అనడిగాడు షాపు కుర్రాడు.

"నాటకాలు. సంగీతం కచేరీలు."

"అయితే ఇది తీస్కో. 24 మెగాపిక్సెల్. రెండు లెన్సులు ఫ్రీ, బ్యాగు ఫ్రీ, కార్డు ఫ్రీ."

ఫ్రీ అన్న మాట వినగానే చెయ్యి ముందుకి వెళ్లింది, అబద్ధమెందుకు. లెన్సు మూతి మీద అంకెలు చూశాను. మళ్లీ అదే 5.6! మెగాపిక్సెళ్లంటే ఫోటో సైజు, ఫోటో వెలుగు కాదు. గోడకి హోర్డింగు కట్టాలంటే అవి ఎక్కువ కావాలి. చీకట్లో శకుని కళ్లు పట్టుకోవాలంటే వేరే సంగతులు కావాలి.

"మరి మిర్రర్‌లెస్ తీస్కో. ఇప్పుడంతా అదే."

ఆ మాటలో నిజముంది. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ దించలేదు. మిర్రర్‌లెస్ అయితే చప్పుడు లేకుండా తీస్తుంది, తీయబోయే బొమ్మ ఎలా వస్తుందో ముందే చూపిస్తుంది. డబ్బున్నవాళ్లు నిక్షేపంగా అదే కొనుక్కోవచ్చు. నాలాంటివాడికి మాత్రం ఈ మార్పు దేవుడిచ్చిన వరం. పెద్ద ఫోటోగ్రాఫర్లంతా పాతవి అమ్మి కొత్తవాటికి మారుతున్నారు. ఒకప్పుడు లక్ష పైన పలికిన డీఎస్ఎల్ఆర్ బాడీలు ఇప్పుడు సెకండ్ హ్యాండులో నా చెయ్యి అందే ఎత్తుకి దిగివచ్చాయి. పైగా డీఎస్ఎల్ఆర్‌లో చూసేది అద్దంలోంచి వచ్చే నిజమైన వెలుగు. చీకటి హాల్లో పక్కవాడి మొహాన తెర వెలుగు కొట్టకుండా పని జరుగుతుంది. వెనక స్క్రీన్ ఆపేస్తే చాలు.

ఇంతకీ ఏం చూసుకోవాలి? మొదటిది సెన్సరు, అంటే లోపల ఫిల్ముకి బదులుండే పలక. ఫుల్ ఫ్రేమ్ అయితే 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు - పాత ఫిల్ము కెమెరా గడి ఎంతో అంత. చవక కెమెరాల్లో వుండే క్రాప్ సెన్సరుకి రెండింతల పైచిలుకు వైశాల్యం. వాకిలి పెద్దదైతే వాన నీళ్లెక్కువ పడ్డట్టు, పలక పెద్దదైతే వెలుగెక్కువ పడుతుంది. ఐఎస్ఓ 3200, 6400 దాకా పెంచినా బొమ్మ మీద ఇసక చల్లినట్టు కాదు. స్టేజీ ఫోటోలకి ఆ అంకెల్లోనే కాపురం చెయ్యాలి మరి.

రెండోది చీకట్లో ఫోకస్. దీన్ని ఎవరూ అడగరు, అసలు గొడవంతా ఇక్కడే. లెన్సు గిరగిరా అటూ ఇటూ తిరుగుతూ వుంటుంది, ఈలోగా ద్రౌపది శపథం అయిపోతుంది! నా బేరం రెండు కెమెరాల దగ్గర ఆగింది. 2014లో వచ్చిన నికాన్ డీ750, 2012లో వచ్చిన కెనాన్ 6డీ. రెండూ ఫుల్ ఫ్రేమే. వెన్నెలంత వెలుగులో కూడా ఫోకస్ అందుకుంటాయని రెండిటికీ పేరు. డీ750కి 51 ఫోకస్ పాయింట్లు. 6డీకి వున్నవే 11, వాటిలో మధ్యనున్న ఒక్కటే చీకట్లో నమ్మదగ్గది. కాగితం మీద చూస్తే నికానే గెలుస్తుంది. ధర కూడా అదే గెలుస్తుంది లెండి.

నికాన్ వైపు మొగ్గేవాళ్లకి ఒక హెచ్చరిక. దాని పాత లెన్సులు - పేరు చివర 'డీ' అని వుండేవి - చవగ్గా దొరుకుతాయి, మంచివి కూడా. కానీ వాటిలో ఫోకస్ మోటారు వుండదు, కెమెరా బాడీయే తిప్పాలి. డీ3000, డీ5000 వరసల చిన్న బాడీల్లో ఆ మోటారు లేదు. తెలియక కొంటే మొత్తం చేత్తో తిప్పుకోవలసిందే. డీ7000, డీ750 లాంటివాటిలో ఆ బాధ లేదు.

చిక్కడపల్లిలో ఒక సాయంత్రం

కొనేముందు ఒక్కపూట అద్దెకి తీసుకుని చూడండి - ఇది నేను డబ్బు తగలేసుకోకుండా నేర్చుకున్న ఒకే ఒక్క తెలివి. హైదరాబాదులో కెమెరాలు రోజు అద్దెకి దొరుకుతాయి. డీ750ని, దానికో 70-200 ఎఫ్ 2.8 జూమ్ లెన్సునీ అద్దెకి తెచ్చుకుని, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక గాత్ర కచేరీకి వెళ్లాను, ముందే అనుమతి అడిగి.

రెండూ కలిపి రెండు కిలోల పైమాట. ఆ లెన్సు పైకెత్తితే వెనక వరసలో పెద్దావిడ, "బాబూ, ఆ ఫిరంగి కాస్త దించుతావా?" అంది. దించాను. రెండో కీర్తనకి చెయ్యి లాగింది. మూడో కీర్తనకి ఇంకో సంగతి తెలిసింది. గాయని రాగం ఆలాపిస్తోంది, తంబురా తప్ప మరో చప్పుడు లేదు. నేను నొక్కాను. లోపల అద్దం లేచి పడిన చప్పుడు 'టపుక్' మని హాలంతా వినపడింది. వయొలిన్ ఆయన కళ్లు తెరిచి నా వంక చూశారు. అంతే, ఆ పైన మృదంగం తని ఆవర్తనం వచ్చేదాకా మళ్లీ నొక్కితే ఒట్టు!

కచేరీకి ఇంకో చిక్కుంది. ఎదురుగా కూర్చుంటే గాయని నోటికి అడ్డంగా మైకు. మొహం సగం మైకే. పక్కకి జరగాలి. మన కచేరీల్లో మామూలుగా వయొలిన్ గాయనికి ఎడమపక్క, మృదంగం కుడిపక్క వుంటాయి. నేను మృదంగం వైపు చివర్న నిలబడితే గాయని మొహం, ఆమె వెనకగా వయొలిన్ కమానూ ఒకే ఫ్రేములోకి వచ్చాయి. అక్కడ కావలసింది ఫిరంగి కాదు. 85 మి.మీ. చిన్న లెన్సు చాలు.

ఎల్‌ఈడీ దీపాల సంగతి కూడా ఆ రాత్రే అనుభవంలోకి వచ్చింది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. చవక ఎల్‌ఈడీలు, ట్యూబులైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుమంటాయి. మన కంటికి తెలియదు, కెమెరా పట్టేస్తుంది. నేను షట్టర్ స్పీడు 500 మీద పెట్టి తీసినవాటిల్లో సగానికి గాయని పట్టుచీర మీద నల్లటి చారలు, ఇంకో సగం ఉత్త చీకటి. 100కి దించాను, సర్దుకుంది. కూర్చుని పాడేవాళ్లకి 100 సరిపోతుంది. కూచిపూడి వాళ్లకీ, గదాయుద్ధాలకీ సరిపోదు. అక్కడ 250 కావాలి, దీపాలు మంచివైతే బతికిపోయినట్టు.

నీలం, ఎరుపు ఎల్‌ఈడీలు మొహాల మీద పడితే మాత్రం ఏ కెమెరా అయినా తెల్లమొహం వేస్తుంది. రంగు ముద్దగా కరిగిపోయి ముక్కూ చెంపా తేడా వుండదు. అప్పుడు కాస్త చీకటిగా తియ్యడమే మేలు. జేపెగ్ కాకుండా రా ఫైలుగా దాచుకుంటే ఇంటికెళ్లాక తీరిగ్గా రంగు సవరించుకోవచ్చు.

మర్నాడు అద్దె కెమెరా అప్పజెప్పి మళ్లీ కోఠీ వెళ్లాను. ఇంతకీ ఏం కొన్నానంటారా? కెనాన్ 6డీ, సెకండ్ హ్యాండుది, 33 వేలు. దానికి 85 ఎఫ్ 1.8 లెన్సు, అదీ పాతదే, 16 వేలు. రెండూ కలిపి తూకం కిలోంపావు లోపే. 50 ఎఫ్ 1.8 లెన్సయితే ఇంకా చవక, దాంతో మొదలుపెట్టినా తప్పులేదు. కానీ నాకు స్టేజీకి దూరంగా నిలబడటమే మర్యాద అనిపించింది.

ఎందుకు 6డీ? మొదటిది, దాంట్లో 'సైలెంట్' అని ఒక మోడ్ వుంది. పూర్తిగా నిశ్శబ్దం కాదు గానీ, 'టపుక్' కాస్తా 'చ్చు' అంటుంది అంతే. రెండోది షాపు కుర్రాడు చెప్పాడు, అదేదో లోపమన్నట్టు గొంతు తగ్గించి.

"అన్నా, ముందే చెప్తున్న. దీనికి ఫ్లాష్ ఉండదు."

కుర్రాణ్ణి కావలించుకోవాలనిపించింది!

పాతది కొంటున్నాం గనక పరీక్ష కూడా గట్టిగానే చేశాను. లెన్సులో మొబైల్ టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడులా బూజు పట్టిందీ లేనిదీ తెలుస్తుంది. తీరప్రాంతాల్నించి వచ్చిన లెన్సులకి ఈ జబ్బు ఎక్కువ. తెల్లగోడని ఎఫ్ 16 దగ్గర ఒక ఫోటో తీసి పెద్దది చేస్తే సెన్సరు మీద మరకలు బయటపడతాయి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో లెక్క అడగాలి. 6డీ షట్టర్‌ని లక్షసార్లకి తట్టుకునేలా పరీక్షించామని కంపెనీ మాట. నేను కొన్నది 41 వేలు కొట్టింది. బిల్లు లేని కెమెరా ఎంత చవకైనా ముట్టుకోకండి. ఎవరి ఇంట్లోంచి ఎగిరొచ్చిందో!

మళ్లీ లింగంపల్లి

2024 జనవరి. అదే రైలు, అదే హఫీజ్‌పేట, చందానగర్. చలికి కిటికీలు మూసేశారు. సంచిలో కెమెరా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, పరీక్షకి వెళ్లే పిల్లాడిలా.

పెద్దాయన అక్కడే వున్నారు. ఇంకా బక్కచిక్కారు. నన్ను గుర్తుపట్టారు. అయిదేళ్లయినా మర్చిపోలేదంటే నా మెరుపు ఎంత గట్టిగా మెరిసిందో మీరే ఆలోచించండి.

"మళ్లీ తెచ్చావా?" అన్నారు సంచి వంక చూసి.

తీసి ఆయన చేతికిచ్చాను. "దీనికి మెరుపు లేదండి. కావాలన్నా మెరవదు."

ఆయన అటూ ఇటూ తిప్పి, పైనంతా తడిమి చూశారు. బుడుపు ఎక్కడా తగల్లేదు. "ఊ" అని వెనక్కిచ్చారు. "పక్కన నిలబడు. దారం తొక్కకు."

ఆటో మీద పెట్టలేదు ఈసారి. అంతా చేత్తోనే పెట్టుకున్నాను - ఐఎస్ఓ 3200, ఎఫ్ 2.2, షట్టర్ 200. ఎందుకు చేత్తో అంటే, స్టేజీ మీద ముప్పాతిక వంతు చీకటే. కెమెరాకి వదిలేస్తే ఆ చీకటిని వెలుగు చెయ్యబోయి, నటుడి మొహాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. మనకి కావలసింది మొహం, అడవి తెర కాదు. శశిరేఖ మొహం మీద వెలుగు సరిపోయిందా లేదా, అంతే చూసుకోవాలి. 1957 నాటి 'మాయాబజార్' సినిమాలో మార్కస్ బార్ట్‌లే వెన్నెలని గుర్తు తెచ్చుకోండి. చీకటిని చీకటిగా వుండనిచ్చినందుకే గదా అది వెన్నెలయింది!

తప్పులు లేకపోలేదు. గదాయుద్ధం మొదట్లో అన్నీ చెదిరిపోయాయి. షట్టర్ 320కి, ఐఎస్ఓ 6400కి పెంచేసరికి సగం యుద్ధం అయిపోయింది. నటులు అంచుకి జరిగితే 6డీ పక్క పాయింట్లు తడుముకున్నాయి. మధ్య పాయింటుతో మొహం పట్టుకుని ఫ్రేము జరుపుకోవడం అలవాటు చేసుకోవాలి. డీ750 అయితే ఈ తంటా వుండకపోను. ఏమాటకామాటే చెప్పుకోవాలి గదా.

విందు ఘట్టం వచ్చింది. ఘటోత్కచుడు కూర్చున్నాడు. మొదటి లడ్డూ లేచింది. 'చ్చు' మంది కెమెరా. ఎవ్వరూ తిరిగి చూడలేదు. చూసుకున్నాను. గాల్లో లడ్డూ, నోరు తెరిచిన ఘటోత్కచుడు, ఆయన మీసం మీద పసుపు రంగు వెలుగు. దారం లేదు! అదెక్కడికీ పోలేదు, వుంది. వాళ్ల వెలుగులో అది కనపడదు, అంతే. నూటముప్పై ఏళ్లకి పైగా వాళ్లు దాచి వుంచిన చోటే వుంది.

అప్పుడు పక్కకి చూశాను. చీకట్లో పెద్దాయన. పది వేళ్లకీ దారాలు. స్టేజీ మీద వెలుగు తెర అంచుని తగిలి, ఆయన చెంప మీద, మణికట్టు మీద పలచగా పడుతోంది. ఆయన నోరు కూడా ఘటోత్కచుడితోపాటు తెరుచుకుంటోంది, లడ్డూ పడగానే మూసుకుంటోంది. ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో. ఐఎస్ఓ 6400. లెన్సు పూర్తిగా తెరిచి ఎఫ్ 1.8. షట్టర్ 60. ఊపిరి బిగబట్టాను. 'చ్చు'.

ఆటయ్యాక రెండు ఫోటోలూ చూపించాను. మొదటిదాన్ని ఆయన చాలాసేపు చూశారు. స్క్రీన్‌కి మొహం ఆనించి వెతికారు.

"దారం కనపడ్డంలేదే" అన్నారు, పిల్లాడి నవ్వొకటి నవ్వి.

రెండోది చూపించాను. నవ్వు ఆగిపోయింది. ఇంతకాలం ఆ మూల చీకట్లో నిలబడ్డ మనిషి ఆ మూల ఎలా వుంటుందో మొదటిసారి చూస్తున్నారు. వేళ్ల మీద దారాలన్నీ ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వున్నాయి.

"ఇది పేపర్లో వెయ్యకు బాబూ."

"వెయ్యనండి."

"కార్డు సైజులో ఒకటి నాకివ్వు. మా మనవరాలికి చూపిస్తాను. తాత ఏం చేస్తాడో అది ఎప్పుడూ అడుగుతుంది."

పై వారమే ప్రింటు తీయించి ఇచ్చి వచ్చాను. ఘటోత్కచుడి బొమ్మ మాత్రం వ్యాసంతోపాటు పంపుతున్నాను. రెండోది అడగొద్దని ఎడిటర్ గారికి ముందే చెప్పాను.